దోచిన ఓడతో మొదలైన నీలి మోజు

ఆమ్‌స్టర్‌డామ్‌కు చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళు ఊరికి వెళ్ళేటప్పుడు తప్పకుండా కొనేది ఒకటుంది: తెల్లటి పళ్ళెం మీద నీలిరంగు గాలిమర బొమ్మ. ఇది అచ్చమైన డచ్చి పనితనమని దుకాణదారు గట్టిగా చెబుతాడు. కేఎల్ఎం విమానాల్లో బిజినెస్ క్లాసు వాళ్ళకు మద్యం పోసిన బుల్లి ఇళ్ళు కానుకగా ఇస్తారు, అవీ నీలమూ తెలుపే. పాణ్యం నుంచో నంద్యాల నుంచో వెళ్ళి అక్కడ స్థిరపడిన వాళ్ళు కూడా నాలుగేళ్ళు తిరక్కుండానే గూట్లో అలాంటి ఇల్లొకటి పెట్టుకుంటారు.

ఈ నీలం చైనాది. డచ్చివాళ్ళు దాన్ని మొదట్లో డబ్బిచ్చి కొనలేదు, సముద్రం మీద దోచుకున్నారు.

1603 ఫిబ్రవరి 25న సింగపూర్ దగ్గర, జోహోర్ తీరాన లంగరేసి ఉన్న ‘సాంతా కాతరీనా’ అనే పోర్చుగీసు ఓడను యాకబ్ వాన్ హేమ్స్‌కెర్క్ అనే డచ్చి కెప్టెన్ పట్టుకున్నాడు. అందులో పట్టుబట్టలు, పంచదార, కస్తూరి ఉన్నాయి. వాటితోపాటు సుమారు లక్ష పింగాణీ పాత్రలు ఉన్నాయంటారు. సరుకంతా ఆమ్‌స్టర్‌డామ్ చేరాక వేలం వేశారు. ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ, ఇంగ్లండ్ రాజు జేమ్స్ కూడా కొన్నవాళ్ళలో ఉన్నారు. వచ్చిన సొమ్ము దాదాపు 34 లక్షల గిల్డర్లు. అప్పుడే పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మొత్తం పెట్టుబడే 64 లక్షలన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ ఒక్క ఓడ విలువ అర్థమవుతుంది.

దోపిడీ సొమ్ము తినడం ధర్మమేనా అని కంపెనీ వాటాదారుల్లోనే కొందరికి గుచ్చుకుంది. వాళ్ళకు సమాధానం చెప్పడానికి హ్యూగో గ్రోషియస్ అనే కుర్ర లాయరును పురమాయించారు. సముద్రం ఎవడబ్బ సొత్తూ కాదని అతను వాదించాడు. ఆ వాదనలో ఒక భాగం 1609లో పుస్తకంగా వచ్చింది. అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదివేవాళ్ళు ఈనాటికీ దాన్ని మొదటి పాఠాల్లో చదువుతారు, దాని వెనక పళ్ళేలు, గిన్నెలు ఉన్నాయని మాత్రం ఎక్కువ మంది ఎరగరు.

ఐరోపా వాళ్ళు పింగాణీ కోసం అంతగా వెర్రెత్తిపోవడానికి కారణం సులువే: చెయ్యడం వాళ్ళకు చేతకాలేదు. చైనాలో జింగ్‌దెజెన్ అనే ఊళ్ళో కయోలిన్ అనే తెల్లమట్టిని, మెత్తగా నూరిన ఒక రకం రాతిపొడిని కలిపి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాల్చేవారు. ఆ వేడిలో మట్టి గాజులా బిగుసుకుంటుంది, నీళ్ళు పీల్చదు. జింగ్‌దెజెన్‌లో కొన్నాళ్ళున్న దాంత్రకోల్ అనే ఫ్రెంచి ఫాదిరీ 1712లోనూ 1722లోనూ రాసిన ఉత్తరాల్లో ఆ గుట్టంతా బయటపెట్టాడు. ఒక్క పాత్ర పూర్తయ్యేలోపు డెబ్బై మంది చేతులు మారుతుందని ఆయన లెక్క. అప్పటికే జర్మనీలోని మైసెన్‌లో 1710 నుంచి సొంత పింగాణీ తయారవుతోంది.

దోపిడీ రోజూ సాగదు. కొనాలంటే డబ్బు కావాలి, హాలండ్ దగ్గర చైనాకు పనికొచ్చే సరుకు దాదాపు ఏమీ లేదు. మన తీరం కథలోకి వచ్చేది ఇక్కడే. డచ్చివాళ్ళు 1605లో మచిలీపట్నంలో, మరుసటి ఏడు నిజాంపట్నంలో, 1610లో పులికాట్‌లో కొట్లు తెరిచారు. తెలుగు నేతగాళ్ళ బట్టను, కలంకారీ అద్దకాన్ని జావా, సుమత్రా దీవులకు తీసుకెళ్ళి మిరియాలకూ సుగంధ ద్రవ్యాలకూ మార్చేవారు. ఆ మిరియాలు, గంధపు చెక్క, వెండి కలిసి చైనా సరుకు కొనిపెట్టేవి. కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ కూన్ 1619లో పైవాళ్ళకు రాసిన ఉత్తరంలో ఈ గొలుసునంతా వరసగా వివరించాడు. చీరాల వైపు మగ్గం మీద నేసిన పంచె జావాలోని బటావియాలో మిరియాల మూటగా, కడకు ఆమ్‌స్టర్‌డామ్ బల్ల మీద నీలి గిన్నెగా మారిందన్నమాట.

దీన్ని కళ్ళారా చూడాలంటే హాలండ్ ఉత్తరాన లేవార్డెన్ అనే ఊరికి వెళ్ళాలి. అక్కడ ప్రిన్సెస్సెహోఫ్ మ్యూజియంలో చైనా పింగాణీ ఉంది. అదే ఊళ్ళో, నడిచి పోగలిగినంత దూరంలో ఫ్రీస్ మ్యూజియం ఉంది. అందులో కోరమండల్, అంటే మన తీరపు అద్దకం బట్టలు, చిరువేరు నుంచి తీసిన ఎరుపు ఇంకా వెలిసిపోని గౌన్లు, దుప్పట్లు ఉన్నాయి. ఒకే బేరంలోని రెండు ముక్కలను రెండు మ్యూజియాల్లో సర్దడం విచిత్రమే. మన తీరం సరుకే చైనా సరుకును తెచ్చిపెట్టిందని చెప్పే వస్తువులు అలా విడివిడిగా ఉండిపోయాయి.

కొనడం మొదలయ్యాక డచ్చివాళ్ళు పేచీకోరు ఖాతాదారులయ్యారు. చైనా పాత్రలు వాళ్ళ తిండికి కుదరలేదు. ఉప్పుగిన్నె, ఆవాల ముద్ద పెట్టుకునే చిన్న డబ్బా, పిడి ఉన్న బీరు లోటా, కొవ్వొత్తి స్తంభం కావాలన్నారు. 1635లో తైవాన్‌లోని డచ్చి కోట నుంచి చైనా వర్తకులకు కొయ్యతో చెక్కి రంగు వేసిన నమూనాలు ఇచ్చి, అచ్చం ఇలాగే చేయించమన్నారు. ఎగుమతి పింగాణీ అంటే ఇదే: చైనావాడు చేసేది, చైనావాడు వాడనిది.

1644లో మింగ్ వంశం కూలిపోయి, అంతర్యుద్ధంలో జింగ్‌దెజెన్ బట్టీలు చాలావరకు చల్లారిపోయాయి. కంపెనీ జపాన్‌లోని అరిటా వైపు తిరిగింది. ఆ సందులో హాలండ్‌లోని డెల్ఫ్ట్ అనే ఊరి కుమ్మరులకు అదృష్టం పట్టింది. బీరు వ్యాపారం దెబ్బతిని ఖాళీ అయిన భవనాల్లో వాళ్ళు బట్టీలు పెట్టారు. మామూలు మట్టి మీద తగరం కలిపిన తెల్లపూత వేసి, దాని మీద చైనా బొమ్మలను నీలంతో గీశారు. 1653లో పెట్టిన ‘పోర్సెలైన్ ఫ్లెస్’ కార్ఖానా ఇప్పటికీ నడుస్తోంది. పేరులో పింగాణీ ఉన్నా అప్పట్లో అక్కడ చేసింది పింగాణీ కాదు! పెచ్చు ఊడితే లోపల పసుపుపచ్చ మట్టి కనిపిస్తుంది.

పోగుచేసే పిచ్చి కూడా అప్పుడే ముదిరింది. పెట్రొనెల్లా ఓర్ట్‌మన్ అనే ఆమ్‌స్టర్‌డామ్ సంపన్నురాలు తన బొమ్మరిల్లు కోసం గోరంత పింగాణీ పాత్రలు తెప్పించుకుంది. ఆ బొమ్మరిల్లుకు అసలు ఇంటికయ్యేంత ఖర్చయిందంటారు, రైక్స్ మ్యూజియంలో జనం దాని ముందు వరస కడతారు. శాక్సనీ ఏలిక అగస్టస్ ఇంకా ఘనుడు. 1717లో ప్రష్యా రాజుకు 600 మంది సైనికుల్ని ఇచ్చి, బదులుగా 151 చైనా పాత్రలు పుచ్చుకున్నాడు. ఆ సైనికుల అభిప్రాయం ఎవరూ అడిగినట్టు లేదు.

ఓడల్లో పింగాణీని అడుగున పేర్చి, పైన టీ పెట్టెలు ఎక్కించేవారు. తడిస్తే పింగాణీకి ఏమీ కాదు, పైగా ఓడకు బరువు సరిపోతుంది. 1752 జనవరిలో ‘హెల్డర్‌మాల్సెన్’ అనే ఓడ కాంటన్ నుంచి వస్తూ దక్షిణ చైనా సముద్రంలో దిబ్బకు కొట్టుకుని మునిగింది. 112 మందిలో బతికింది 32 మంది. 1985లో మైకేల్ హాచర్ అనే గజ ఈతగాడు దాన్ని కనిపెట్టాడు. లక్షకు పైగా పాత్రలు, 125 బంగారు కడ్డీలు బయటికి వచ్చాయి. నానిన టీ ఆకు కప్పేయడం వల్ల చాలా పాత్రలు మెరుపు కూడా పోకుండా ఉన్నాయి. మరుసటి ఏడే క్రిస్టీస్ సంస్థ ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేసింది. పురావస్తు పండితులు మండిపడ్డారు, వాళ్ళ కోపంలో న్యాయముంది: ఓడ ఎలా కట్టారో, ఏది ఎక్కడ పేర్చారో నమోదు చెయ్యకుండానే సరుకు తోడేశారు. చైనా ప్రభుత్వం 30 వేల డాలర్లిచ్చి ఇద్దరు నిపుణుల్ని పంపింది. ధరలు పెరిగిపోయి వాళ్ళు ఒక్క సాసరు కూడా కొనలేక ఉత్త చేతులతో వెళ్ళారు. చైనా సముద్రగర్భ పురావస్తు విభాగం మొదలైంది ఆ తర్వాతి ఏడే.

చైనా పింగాణీని చూడ్డానికి వీసా అక్కర్లేదు. మోటుపల్లి తవ్వకాల్లో మధ్యయుగాల నాటి చైనా పాత్రల పెంకులు దొరికాయి, అంటే ఈ సరుకు మన రేవుకు డచ్చివాళ్ళకన్నా ముందే తెలుసు. హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంలో మూడో సాలార్ జంగ్ పోగుచేసిన చైనా పింగాణీ గదులే ఉన్నాయి. అక్కడి లేత ఆకుపచ్చ ఘోరీ పాత్రల్లో విషాన్నం వడ్డిస్తే రంగు మారుతుందనో, పగులుతుందనో నవాబులు నమ్మేవారట.

నంద్యాల వైపు పాత మిద్దెల అటకల మీద నీలి పళ్ళెం దొరికితే మాత్రం వెంటనే ఆశ పడకూడదు. గోటితో మీటితే ఖంగుమనాలి, దీపానికి అడ్డం పెడితే వేళ్ళ నీడ కనపడాలి, అడుగు అంచు దగ్గర పూత లేనిచోట మట్టి తెల్లగా ఉండాలి. నీలం బొమ్మలో కుంచె గీతలు లేకుండా సన్నటి చుక్కలుంటే అది చాలావరకు ఇంగ్లండ్‌లో కాగితం అచ్చు వేసిన సరుకు. అడుగున ఇంగ్లీషులో దేశం పేరు ఉందంటే చాలావరకు 1891 తర్వాతిది. దిగుమతి వస్తువు మీద దేశం పేరు ఉండాలని అమెరికా పట్టుబట్టింది ఆ ఏడాది నుంచే.