రాగిరేకు నుండి గణకయంత్రము వఱకు: సంగీత లేఖన చరిత్రలో నొక ప్రకరణము

కూర్మన్నపాలెమున, ఉక్కునగర ద్వారమునకు చేరువనున్న ఒక మేడగదిలో, కంప్యూటరు శాస్త్రము చదువుకొను విద్యార్థి యొకడు తోడి రాగాలాపన నొకదానిని యంత్రమునకు వినిపించి, అది వ్రాసి యిచ్చిన స్వరములను మాకు చూపెను. గాంధారము పలుకవలసిన తావుల యంత్రము ఒకపరి రిషభమనియు, ఒకపరి మధ్యమమనియు వ్రాసినది. యంత్రము పొరబడినదని యాతడు తలచెను. మా కట్లు తోపలేదు. తోడిలోని గాంధారము ఒకచోట నిలుచు స్వరము కాదు. ఇరుగు పొరుగు స్వరముల వైపు ఊగుటయే దాని స్వరూపము. యంత్రము విన్నది నిజమే. దానికి నేర్పిన లిపిలో ఆ యూగుటకు గుర్తు లేదు. సంగీతమును, గణకశాస్త్రమును, వర్చువల్ రియాలిటీని ఒకచోట చేర్చి విశ్వవిద్యాలయములలో బోధింపవలెనను యత్నములు సాగుచున్న ఈ కాలమున, లేఖనములో ఏది నిలుచును, ఏది జాఱిపోవును అను ప్రశ్నను చరిత్రదృష్టితో పరిశీలింప బూనితిమి.

తాళ్లపాక కవుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల సంకీర్తన భాండారమున నిలిచినవి. పదముల తలపై రాగము పేరు కలదు, స్వరములు లేవు. సాహిత్యము దక్కినది, పాడిన వరుస దక్కలేదు. అందువలననే ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వానిలో పెక్కింటికి తామే స్వరరచన చేయవలసివచ్చెను. చెక్కినవారిని తప్పుపట్టరాదు. రాగము పేరు చెప్పినచో తక్కినది గురువు గొంతున నుండునని వారి విశ్వాసము. ఆ గొంతులు తెగిపోవునని వారెఱుగరు.

1904లో ఎట్టయపురమున వెలువడిన సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఈ లోటును ఎఱిగి చేసిన గ్రంథము. తమిళదేశమున, తెలుగు లిపిలో, తెలుగు భాషలో నచ్చుపడిన ఈ మహాగ్రంథమునకు ప్రేరకుడు చిన్నస్వామి మొదలియారుగారు. ఆయన అంతకుముందే మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటింప బూనినవాడు. దీక్షితులవారు ఆ లిపిని గ్రహింపక, సరిగమలనే యుంచుకొని వానికి గమక చిహ్నములను చేర్చిరి. కంపితమునకు అలవంటి గీత, జారునకు వాలుగీత, స్ఫురితమునకు, నొక్కునకు వేఱువేఱు గుర్తులు. స్వరమెట్లు చలించునో గుర్తుల మూలమున చెప్పుటకు ఇంత విస్తృతముగా జరిగిన యత్నము అంతకుముందు మన భాషలో మాకు కానరాదు. అయినను అలగీత ఎంత ఎత్తున లేచి ఎంత వేగముగా దిగునో అందు లేదు. అది తెలియవలెనన్న మఱల గురువునే యాశ్రయింపవలెను.

గణితము మన సంగీతమునకు క్రొత్త చుట్టము కాదని యిచట ఒకమాట చెప్పుట యుచితము. పదునేడవ శతాబ్దమున వేంకటమఖి నిరూపించిన 72 మేళములు ఆఱు పూర్వాంగములను, ఆఱు ఉత్తరాంగములను, రెండు మధ్యమములను హెచ్చవేయగా వచ్చినవే. కటపయాది పద్ధతిచే 'మాయా'మాళవగౌళ 15వ మేళమని పేరే చెప్పును, 'మేచ'కల్యాణి 65వది. పేరులో సంఖ్యను దాచుట నేటి గణకశాస్త్ర విద్యార్థికి సులభముగా బోధపడును. మా తరగతిలో దీనికి లభించిన యాదరము ఛందస్సునకు ఎన్నడును లభింపలేదని యొప్పుకొనక తప్పదు.

పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో ఈ మేళనము 1957 నాటికే మొదలైనది. ఇలినాయ్ విశ్వవిద్యాలయమున హిల్లర్, ఐజాక్సన్ అనువారు ఇలియాక్ యంత్రముచే తంత్రీవాద్య చతుష్టయమునకు రచన చేయించిరి. ఆ యేడే బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ యంత్రముచే ధ్వనిని పుట్టించెను. 1983లో వాద్యములకును, యంత్రములకును ఉమ్మడి భాషగా 'మిడి' వచ్చినది. అది పియానో మెట్ల ననుసరించి పుట్టినది. స్వరమును వంచు సంకేతము దానికిని కలదు గాని, అది మెట్టునకు అనుబంధము మాత్రమే. మన సంగీతమున వంపే ప్రధానము. ఈ భేదమును గుర్తించి బార్సెలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయమున జేవియర్ సెర్రా 2011 నుండి 2017 వఱకు 'కాంప్‌మ్యూజిక్' పరిశోధన నడపెను. మద్రాసు ఐఐటీలో హేమా మూర్తిగారి బృందము అందు పాల్గొన్నది. గాత్రమున శ్రుతి క్షణక్షణము నడచు రేఖనే వారు ఆధారముగా గైకొనిరి. దీక్షితులవారి అలగీతకు కొలత దొరకినది. అట్టి రేఖను మా విద్యార్థికి చూపగా గాంధారపు చిక్కు ఆతనికి విడిపోయినది.

ఇక మిగిలినది తావు. 1971లో స్టాన్‌ఫర్డున జాన్ చౌనింగ్ నాలుగు స్పీకర్ల నడుమ ధ్వని కదలుచున్నట్లు భ్రమ గొలుపు విధానమును ప్రకటించెను. 1992లో చికాగోలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమువారు గోడలే తెరలుగా గల 'కేవ్' అను గదిని ప్రదర్శించిరి. ధ్వనికి తావుతోడి సంబంధము మనవారికి తెలియనిది కాదు. గోలకొండలో ఫతే దర్వాజా క్రింద చరచిన చప్పట్లు బాలా హిస్సారున వినవచ్చుట పర్యాటకు లెల్లరు నెఱిగినదే. కాని వర్చువల్ రియాలిటీవలన మేము కోరునది వింత కాదు. 1919లో విజయనగరమున స్థాపింపబడిన సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగా, ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలు గురువులుగా ఉండిరి. గురువునకు ఎదుట కూర్చున్న శిష్యునికి కమాను పట్టిన మణికట్టు, తంత్రిపై జాఱు వ్రేలు, తాళము వేయు చేయి కనబడును. ఆ తరమువారి రికార్డులలో నాదము దొరకును గాని ఎదుట కూర్చున్న దూరము దొరకదు. నేటి విద్వాంసులనైన ఆ దూరమునుండి, నలువైపుల ధ్వనితో, చేతుల కదలికతో లిఖించుట కిపుడు వీలున్నది. వారిలో వృద్ధులు పెక్కుమంది. ఆలస్యమైనచో రాగిరేకుల గతియే మఱల పట్టును.

ఈ పని గణకశాస్త్రశాఖదనియు, తెలుగుశాఖకు సంబంధింపదనియు ఒక సభలో మాకు చెప్పిరి. విద్యార్థి సిద్ధపఱచిన పట్టికలో రాగమునకు, తాళమునకు, వాగ్గేయకారునకు, సాహిత్యమునకు ఒక్కొక్క గడి యుండెను. ఒకే త్యాగరాజ కృతిని రెండు శిష్యపరంపరలవారు రెండు పాఠములతో పాడుదురని, పదమును విఱచుచోటు మాఱిన అర్థము మాఱునని ఆతని కెవరును చెప్పలేదు. యంత్రము రెండవ పాఠమును తప్పుగా లెక్కించి త్రోసివేయుచుండెను. పాఠాంతరమునకు, గురుపరంపరకు వేఱు గడులు చేర్పించితిమి. అందుకు పట్టినది ఒక మధ్యాహ్నము. అప్పటికే త్రోసివేయబడిన పాఠములను వెదకి తెచ్చుట మాత్రము ఇంకను సాగుచున్నది.