పాత స్లాట్ కారు: దాచాలా, పరుగెత్తించాలా?

అమ్మమ్మ పట్టుచీర బీరువాలోనే ఉండాలా, మనవరాలికి లంగాగా మారాలా? ఈ తగువు తెలియని ఇల్లుండదు. మా ఇంట్లో అది బొమ్మ కారు మీద వచ్చింది. మేముండే ఇంగ్లండ్‌లో కార్ బూట్ సేల్ అని పాత సామాన్లు కారు డిక్కీలో పెట్టుకుని అమ్మే సంత జరుగుతుంది. మా వారు అక్కడ 1960ల నాటి స్కేలెక్స్‌ట్రిక్ పెట్టె కొన్నారు. "టైర్లు మార్చి, కింద అయస్కాంతం పెడితే దూసుకుపోతుంది నాన్నా" అంటాడు మా అబ్బాయి. "అంత పాత వస్తువురా, ముట్టుకోకు" అంటారు ఆయన. తీర్పు చెప్పాల్సింది నేనే కదా, అందుకని దాని చరిత్ర చదివాను.

స్లాట్ కారు ట్రాక్ మీద ఉన్న గాడిలో నడుస్తుంది. గాడికి రెండు పక్కలా ఉన్న లోహపు పట్టీల నుంచి మోటారుకు కరెంటు అందుతుంది. వేగం మన చేతిలోని కంట్రోలర్‌తో మారుతుంది. మలుపులో తగ్గించకపోతే కారు గాడి తప్పి ఎగిరిపడుతుంది. ఆటంతా ఆ మలుపులోనే ఉంది.

ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన మినీమోడల్స్ కంపెనీ పెట్టి, 1952లో స్కేలెక్స్ పేరుతో రేకు కార్లు తెచ్చాడు. అవి స్ప్రింగుతో పరుగెత్తేవి. వదిలాక చూస్తూ కూర్చోవడమే, నడిపేది ఏమీ లేదు. వాటికే ఎలక్ట్రిక్ మోటారు పెట్టి, 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో చూపించాడు. స్కేలెక్స్‌కు ఎలక్ట్రిక్ కలిసి స్కేలెక్స్‌ట్రిక్ అయింది. అంటే ఈ బొమ్మ పుట్టిందే ఒక పాత బొమ్మను మార్చడం వల్ల! 1958లో కంపెనీ లైన్స్ బ్రదర్స్ చేతికి వెళ్లింది. 1960లో ప్లాస్టిక్ బాడీలు వచ్చాయి. అమెరికాలో అదే ఏడాది అరోరా కంపెనీ ఇంకా చిన్న కార్లు తెచ్చింది. 1960ల మధ్యలో అక్కడ డబ్బిచ్చి ఆడుకునే పెద్ద ట్రాకులు ఊరూరా వెలిశాయి. దశాబ్దం చివరికి చాలావరకు మూతపడ్డాయి.

ఆ రోజుల్లోనే గెలవాలనుకున్నవాళ్లు కార్లను విప్పడం మొదలుపెట్టారు. మిక్సీ మోటారు కాలిపోతే మనం రీవైండింగ్ చేయిస్తాం కదా, వాళ్లు కాలకముందే చేసేవారు. సన్నతీగ తీసేసి లావుతీగను తక్కువ చుట్లు చుడితే ఎక్కువ కరెంటు లాగి మోటారు వేగంగా తిరుగుతుంది, వేడీ ఎక్కువే. గాడి తప్పకుండా అడుగున సీసపు ముక్క అంటించేవారు. వెనక చక్రాలను శాండ్‌పేపర్ మీద తిప్పి టైర్లను గుండ్రంగా అరగదీసేవారు. బాడీ స్క్రూలు కాస్త వదులు చేస్తే మలుపులో కారు కుదురుగా ఉంటుందని కనిపెట్టారు. ఇరుసుకు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె చాలు.

కానీ లావు టైర్లు పట్టడం కోసం కొందరు చక్రాల పైనున్న బాడీ అంచును కోసేశారు. కోసిన అంచు మళ్లీ రాదు. రబ్బరు మాత్రం ఎలాగూ ఏళ్లు గడిస్తే గట్టిపడిపోతుంది, కరెంటు అందుకునే రాగి జడలు అరిగిపోతాయి. వాటిని మార్చకపోతే కారు నడవనే నడవదు.

అందుకే నా తీర్పు ఇది. మళ్లీ వెనక్కి తేగలిగిన మార్పు చేసుకోవచ్చు, తేలేనిది చేయకూడదు. చీరనైనా మడతపెట్టి కుట్టు వేయిస్తే విప్పుకోవచ్చు, కత్తెర వేస్తే అంతే. కొత్త టైర్లు, కొత్త జడలు సరే. తీసినవి పేరు రాసి కవరులో పెట్టెలోనే ఉండాలి. బాడీకి కత్తి తగలకూడదు. అయస్కాంతం వద్దన్నాను. కారును ట్రాక్‌కు పట్టి ఉంచేది అయస్కాంతమైతే, మలుపులో వేగం ఎప్పుడు తగ్గించాలో పిల్లాడి బొటనవేలు ఇంకెప్పుడు నేర్చుకుంటుంది?