రక్షణ సిద్ధాంతం (క్రైస్తవం)

మనిషి పాపం నుంచి, దాని ఫలమైన నిత్యశిక్ష నుంచి విడుదలై దేవుని సన్నిధిలో నిత్యజీవం పొందడాన్ని క్రైస్తవులు రక్షణ అంటారు. ఆ విడుదల యేసుక్రీస్తు సిలువ మరణం, పునరుత్థానం వల్ల కలిగిందనే విషయంలో ప్రధాన సంఘాలన్నిటిదీ ఒకే మాట. అది ఎవరికి, ఏ షరతు మీద అందుతుందనే దగ్గరే వాదమంతా. ఈ వాదాన్ని పండితుల గదుల్లోంచి ఇళ్లలోకి తెచ్చినవి రెండు ప్రశ్నలు: బాప్తిస్మం పొందకముందే కన్నుమూసిన పసిబిడ్డ ఎక్కడికి వెళ్తుంది? సువార్త చెవిన పడకుండానే పోయిన తాతముత్తాతల గతి ఏమిటి?

తొలి శతాబ్దాలు

మొదటి తరం క్రైస్తవుల ముందున్న సమస్య యూదులు కానివారిని చేర్చుకోవడం గురించి. క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో కూడిన అపొస్తలులు, పెద్దలు సున్నతి లేకుండానే అన్యజనులు సంఘంలో చేరవచ్చని తేల్చారు. యోహాను సువార్తలో యేసు నీకొదేముతో నీటివల్ల, ఆత్మవల్ల కలిగే కొత్త పుట్టుక గురించి మాట్లాడాడు. లూకా సువార్తలో మాత్రం బాప్తిస్మం ఎరుగని దొంగకు సిలువ మీదే పరదైసు వాగ్దానం దొరికింది. తర్వాత వచ్చిన పండితులు ఎటు మొగ్గినా ఈ రెండు ఘట్టాలకూ జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

2వ శతాబ్దంలో జస్టిన్, వివేకాన్ని అనుసరించి బతికిన సోక్రటీసు వంటివారు క్రీస్తుకు ముందువారైనా క్రైస్తవులే అని రాశాడు. 3వ శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియన్ సంఘానికి వెలుపల రక్షణ లేదన్నాడు. అన్యమతస్థులను దృష్టిలో పెట్టుకుని అన్న మాట కాదది. సంఘం నుంచి చీలిపోయినవారు ఇచ్చే బాప్తిస్మం చెల్లుతుందా అనే తగవులో పుట్టింది. తర్వాతి కాలంలో దాన్ని లోకమంతటికీ వర్తింపజేశారు. చివరికి అందరూ దేవునితో సమాధానపడతారనే తొలి సంఘ పండితుడు ఆరిజెన్ భావన 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ కాలంలో ఖండనకు గురైంది.

బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలాగియస్ అనే సన్యాసి 5వ శతాబ్దం ఆరంభంలో, మనిషి తలచుకుంటే దేవుని ఆజ్ఞలను నెరవేర్చగలడని బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీన్ దీన్ని తీవ్రంగా ఎదిరించాడు. ఆదాము పాపం ప్రతి శిశువుకూ సంక్రమిస్తుందని, కృప లేనిదే మనసు దేవునివైపు తిరగనే తిరగదని ఆయన వాదం. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. తన తర్కాన్ని చివరిదాకా పట్టుకుపోయిన అగస్టీన్, బాప్తిస్మం లేని శిశువులకు అన్నిటికన్నా తేలికైనదే అయినా శిక్ష తప్పదన్నాడు. 529లో ఆరెంజ్ సభ కృపకే ప్రాధాన్యమిచ్చింది కాని, దేవుడు కొందరిని చెడుకే నియమించాడనే మాటను శపించింది.

తూర్పు సంఘాలు ఈ తగవులో అంతగా తలదూర్చలేదు. వారి దృష్టిలో రక్షణ అంటే దైవస్వభావంలో పాలుపొందడం.

మధ్యయుగాలు

తర్వాతి శతాబ్దాలు అగస్టీన్ నీడలోనే గడిచాయి. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ వంటి పండితులు ఆ కాఠిన్యాన్ని సడలించారు. బాప్తిస్మం లేని శిశువులు లింబో అనే చోట ఉంటారని, దేవుని ముఖదర్శనం లేకపోయినా అక్కడ బాధ ఉండదని బోధించారు. రక్షణ పొందినా ఇంకా శుద్ధి కావలసిన ఆత్మలకు ఉత్తరించు స్థలం ఉందని 1274లో లియోన్ సభ, 1439లో ఫ్లారెన్స్ సభ ప్రకటించాయి. అన్యమతస్థులు, యూదులు, చీలిపోయినవారు చనిపోయేలోగా సంఘంలో చేరకపోతే నరకమేనని ఆ ఫ్లారెన్స్ సభే 1442లో అతి కఠినంగా తీర్మానించింది.

బాధ ఉండదన్న హామీ తల్లులకు చాలలేదు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గరి ఒబర్‌బ్యూరెన్ అనే గ్రామంలోని మరియమాత క్షేత్రానికి 15వ శతాబ్దంలో చనిపోయి పుట్టిన బిడ్డలను దూరదూరాల నుంచి మోసుకొచ్చేవారు. నిప్పుల మధ్య, వెలిగించిన కొవ్వొత్తుల మధ్య పెట్టి ఆ చిన్న దేహాన్ని వెచ్చబరిచేవారు. పెదవుల మీద ఓ ఈక ఉంచేవారు. వేడిగాలికి ఈక కదిలితే ఊపిరి వచ్చిందని తలచి, అప్పటికప్పుడు బాప్తిస్మం ఇచ్చి, పవిత్రభూమిలో పాతిపెట్టేవారు. కాన్‌స్టాన్స్ బిషప్పు 1486లో దీనిపై పోపుకు ఫిర్యాదు చేశాడు. 1528లో బెర్న్ ప్రొటెస్టెంటు పక్షం చేరినప్పుడు ఆ క్షేత్రాన్ని పడగొట్టారు. 1990ల తవ్వకాల్లో అక్కడ దాదాపు 250 మంది శిశువుల ఎముకలు బయటపడ్డాయి. ఒక సిద్ధాంతం మామూలు మనుషుల మీద ఎంత బరువు మోపగలదో చెప్పే సాక్ష్యం ఇంతకన్నా స్పష్టంగా మరొకటి దొరకదు.

సంస్కరణోద్యమం

ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం పాపపరిహార పత్రాలు కొనవచ్చని 1476లో పోపు నాలుగో సిక్స్టస్ అనుమతించాడు. రోములో సెయింట్ పీటర్స్ దేవాలయ నిర్మాణం కోసం యోహాన్ టెట్జెల్ జర్మనీలో ఈ పత్రాలు అమ్ముతూ తిరిగాడు. చనిపోయిన తల్లిదండ్రుల మీద జాలి చూపండని అతను అడిగితే పేదలు సైతం డబ్బు చెల్లించారు. విట్టెన్‌బర్గ్ ఆచార్యుడు మార్టిన్ లూథర్ 1517 అక్టోబరు 31న 95 ప్రతిపాదనలు వెలువరించడానికి తక్షణ కారణం ఇదే. బైబిలులోని రోమా పత్రికను చదివి, మనిషి విశ్వాసం ద్వారానే నీతిమంతుడుగా తీర్చబడతాడన్న నిశ్చయానికి వచ్చిన లూథర్, సత్క్రియలు రక్షణకు ఫలమే కాని వెల కాదన్నాడు. గర్భం పోయిన స్త్రీల కోసం 1542లో ఆయన రాసిన చిన్న పుస్తకం ఎంతో దయగలది. నోటితో చెప్పలేని తల్లి వేదననే దేవుడు ప్రార్థనగా స్వీకరిస్తాడని అందులో ధైర్యం చెప్పాడు.

జ్యూరిక్ సంస్కర్త జ్వింగ్లీ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1531లో ఫ్రాన్స్ రాజుకు రాసిన తన చివరి గ్రంథంలో సోక్రటీసు, కేటో వంటి అన్యులను కూడా పరలోకంలో కలుసుకుంటామన్నాడు. అది చదివి లూథర్ మండిపడ్డాడు. అదే జ్యూరిక్‌లో 1525లో కొందరు, విశ్వసించగల వయసు వచ్చాకే బాప్తిస్మమంటూ పెద్దవారికి ఇవ్వడం మొదలుపెట్టారు. వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న నగర పాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు.

జెనీవాలో జాన్ కాల్విన్ అగస్టీన్ తర్కాన్ని పూర్తిచేశాడు. రక్షణ పొందేవారినీ నశించేవారినీ దేవుడు ముందే నిర్ణయించాడన్నాడు. ట్రెంట్ సభ 1547 జనవరి 13న కతోలిక సమాధానం ఇచ్చింది: రక్షణకు మొదలు కృపే, మనిషి దానితో సహకరించాలి, బాప్తిస్మం గాని, దాని కోసం కోరిక గాని ఉండాలి. ఆ కోరిక అన్న మాటే తర్వాత చాలామందికి తలుపు తెరిచింది.

నెదర్లాండ్స్‌లో కాల్విన్ బోధపై వేదాంతి ఆర్మీనియస్ సందేహాలు లేవనెత్తాడు. ఆయన మరణించాక, 1610లో అనుచరులు క్రీస్తు అందరికోసం మరణించాడని అయిదు అంశాల విన్నపం సమర్పించారు. 1618-19లో డార్ట్ సభ దాన్ని తిరస్కరించింది. దాదాపు 200 మంది పాదిరులు పదవులు కోల్పోయారు. అదే పక్షంవాడై జైల్లో పడిన న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్ 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని తప్పించుకున్నాడు. అంత కఠినమైన డార్ట్ సభ కూడా భక్తిగల తల్లిదండ్రులు చనిపోయిన తమ పసివారి రక్షణను సందేహించనక్కరలేదని రాసింది. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ ఆర్మీనియస్ పక్షం వహించడంతో కృప అందరికీ అన్న బోధ మెథడిస్టుల ద్వారా లోకమంతా పాకింది.

ఆసియాలో ప్రశ్న

కతోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్ నుంచి తిరిగొచ్చి, 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి రాసిన లేఖలో అక్కడి కొత్త విశ్వాసుల దుఃఖాన్ని వర్ణించాడు. నరకంలో ఉన్న తమ పూర్వులను విడిపించే దారి లేదా అని వారు ఏడ్చారు. లేదనే చెప్పవలసి వచ్చిందని, తనకూ కన్నీరాగలేదని జేవియర్ రాశాడు.

తెలుగునాట ఈ చరిత్రలో ముఖ్యమైన తేదీ 1878 జూలై 3. కరవు రోజుల్లో బకింగ్‌హాం కాలువ పని చేయించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, తిండి కోసం విశ్వాసం నటిస్తారేమోనని అప్పట్లో బాప్తిస్మాలు ఆపాడు. కరవు సహాయం ముగిశాక కూడా జనం వదల్లేదు. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆ ఒక్కరోజే 2,222 మందికి తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఊరి దేవాలయంలో అడుగు పెట్టనివ్వని సమాజంలో, పరలోకంలో పాలు ఉందన్న మాట వారికి ఈ లోకంలోనే గౌరవమైంది.

నెల్లూరులో పుట్టి పుదుక్కోట సంస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసిన పండిపెద్ది చెంచయ్య, 1938లో తాంబరంలో జరిగిన క్రైస్తవ మిషనరీల మహాసభ సందర్భంగా మిత్రులతో కలిసి వెలువరించిన గ్రంథంలో రక్షణను పాపక్షమాపణకే పరిమితం చేయవద్దన్నాడు. క్రీస్తులో కొత్త సృష్టి మొదలైందన్నదే ఆయన ప్రతిపాదన. స్వతంత్రమైన ఈ ఆలోచనకు తగినంత గుర్తింపు రాలేదు.

ఆధునిక కాలం

తమ తప్పు లేకుండా సత్యమతాన్ని ఎరుగనివారు దైవకృపవల్ల నిత్యజీవం పొందగలరని పోపు తొమ్మిదో పయస్ 1863లో రాశాడు. కతోలికులు కానివారు రక్షణ పొందరని మొండిగా బోధించిన అమెరికన్ ఫాదర్ లియొనార్డ్ ఫీనీని 1953లో రోము వెలివేసింది. రెండో వాటికన్ మహాసభ 1964 నవంబరు 21న, సువార్త ఎరుగకపోయినా నిజాయితీగా దేవుణ్ణి వెతుకుతూ మనస్సాక్షి ప్రకారం నడిచేవారూ రక్షణ పొందవచ్చని ప్రకటించింది. అమెరికా ప్రెస్బిటేరియన్లు పసితనంలో మరణించిన వారందరూ రక్షింపబడతారని 1903లోనే ప్రకటించారు. రోములోని అంతర్జాతీయ వేదాంత సంఘం 2007లో లింబో బోధను అతి సంకుచితమైనదని తేల్చి, అటువంటి శిశువుల రక్షణను నిరీక్షించడానికి బలమైన కారణాలున్నాయని రాసింది.

విశ్వాసం, సత్క్రియల వివాదంలో లూథరన్లు, కతోలికులు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. 2006లో మెథడిస్టులూ దాన్ని ఆమోదించారు. ఇవాంజెలికల్, పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగం మాత్రం క్రీస్తునందు వ్యక్తిగత విశ్వాసం, మారుమనస్సు లేనిదే రక్షణ లేదనే నిలబడుతున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో నేడు కతోలిక, లూథరన్, సీఎస్ఐ సంఘాలు శిశువులకు బాప్తిస్మం ఇస్తాయి. బాప్టిస్టులు, పెంతెకొస్తువారు, బక్త్‌సింగ్ స్థాపించిన సహవాసాలవారు పసివాళ్లను ప్రార్థనతో దేవునికి ప్రతిష్ఠించి, వారు ఎదిగి సొంతంగా విశ్వసించాక నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు.