ఏ సున్నా నుంచి ఈ ఎత్తు?

అనంతపురం జిల్లాలో నీళ్ల మాటెత్తితే అడుగుల లెక్క వచ్చి తీరుతుంది. తుంగభద్ర డ్యాం నిండు మట్టం 1,633 అడుగులు. అందుకే ఎగువ కాలువ నీళ్లు వాలు చూసుకుని పెన్నా దాకా వస్తాయి. శ్రీశైలం నిండినా 885 అడుగులే. మన ఊళ్లు అంతకంటే ఎత్తున ఉన్నాయి. మోటార్లు ఎత్తిపోస్తే తప్ప హంద్రీ-నీవా నీళ్లు జీడిపల్లికి ఎక్కవు. మరి ఈ అడుగులన్నీ ఎక్కడి నుంచి కొలిచినవి?

ఈ కథలో గుత్తికి పెద్ద చోటుంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన సర్వే 1811 నాటికి గుత్తి చేరింది. వంద అడుగుల ఉక్కు గొలుసును మళ్లీ మళ్లీ పరిచి, మైళ్ల పొడవున ఆధార రేఖను కొలిచారు. కొండ మీది నుంచి కొండ మీదికి కోణాలు చూసి ఎత్తులు లెక్కగట్టారు. కానీ ఎండకు నేల మీది గాలి మరిగే సీమ ఇది, ఆ గాలిలో చూపు వంగుతుంది. ఎంత సరిదిద్దినా అడుగుల్లో తప్పు మిగిలేది. మైలుకు అడుగో అరడుగో వాలుతో పారే కాలువకు ఆ లెక్క చాలదు.

అందుకే 1858 నుంచి లెవెల్ పరికరం, స్టాఫ్ కర్రలు పట్టుకుని రోడ్ల వెంట, రైలు మార్గాల వెంట మట్టం మోసుకుంటూ నడిచారు. దారి పొడవునా వంతెనల మీద, రాతి పలకల మీద బెంచ్‌మార్కులు చెక్కారు. 1909లో ఆ కొలతలన్నిటినీ ఒక్క లెక్కలోకి తెచ్చారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఫాల్స్ పాయింట్. ఈ తొమ్మిది రేవుల దగ్గర సగటు సముద్ర మట్టాన్ని సున్నా అన్నారు. నిజానికి తూర్పు, పడమర సముద్రాలు ఒకే మట్టాన ఉండవు. పైగా భూమి ఆకర్షణ చోటు చోటుకూ మారుతుంది. అప్పట్లో దాన్ని కొలవకుండా సూత్రంతో సరిపెట్టారు. కొలిచిన ఆకర్షణను కలుపుకుని సర్వే ఆఫ్ ఇండియా తెచ్చిన కొత్త ఆధారమే 2009 నాటిది.

ఇక జీపీఎస్‌ది మూడో సున్నా. అది భూమిని నున్నటి దీర్ఘగోళంగా ఊహించి, దాని మీది నుంచి ఎత్తు చెబుతుంది. శ్రీలంకకు దక్షిణాన సముద్ర మట్టం ఆ గోళానికి నూరు మీటర్లకు పైగా కిందికి కుంగి ఉంది. ఆ పల్లం అంచు మన సీమ దాకా వస్తుంది. అనంతపురంలో జీపీఎస్ ఇచ్చే నేరు అంకె, సముద్ర మట్టం నుంచి లెక్కించిన ఎత్తు కంటే 80 మీటర్లకు పైగా తక్కువగా ఉంటుంది.

జీపీఎస్ తేడా పెద్దది కాబట్టి కంటికి దొరుకుతుంది. 1909, 2009 లెక్కల మధ్య తేడా చిన్నది, పైగా చోటును బట్టి మారుతుంది. నన్ను భయపెట్టేది అదే. జిల్లా అంతటికీ ఒకే అంకె కలిపితే కుదరదు. ఒకే రాయికి పాత ఎత్తూ కొత్త ఎత్తూ రెండూ తెలిసుండాలి. ఆ తేడా తీసుకుని, అక్కడి నుంచి చుట్టుపక్కల చెరువు తూముకు, మరవకు మట్టం పట్టాలి. మరవ ఎత్తు ఒక లెక్కలో, పిల్లకాలువ ఎత్తు ఇంకో లెక్కలో రాసుకుంటే నీళ్లు చెరువుకు రాకుండా కాలువలోనే నిలిచిపోతాయి.

కొన్నిచోట్ల ఆ పాత గుర్తులు సున్నం పూతల కింద మునిగిపోయాయి. వేలితో తడిమితే గాడి తగులుతుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీ ఆ రాయిని పెకలించేలోపు, ఒక పూట కేటాయించి దాని కొత్త ఎత్తు పాత ఎత్తు పక్కన రాసి పెట్టాలి.