రికార్డు అట్ట దాటిన ప్రాజెక్టు

తిమ్మాజిపేట నుంచి జడ్చర్ల మీదుగా హైదరాబాదుకు ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లే డిగ్రీ పిల్లల సంచీలో మెమోలు, టీసీ, వాటి జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు భద్రంగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో అవి అడిగేది చివర్న. ముందు వచ్చే ప్రశ్న వేరు: "నువ్వు సొంతంగా చేసిందేమన్నా ఉందా? లింకు పంపు."

రాసిన ప్రోగ్రామును నలుగురికీ చూపించే ఈ ఆనవాయితీ ఉద్యోగాల కోసం మొదలైంది కాదు. అమెరికాలోని ఎంఐటీకి 1961లో డెక్ కంపెనీ పీడీపీ-1 అనే కంప్యూటరును ఇచ్చింది. స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు దాని మీద 'స్పేస్‌వార్' అనే ఆట రాశారు. తెర మీద రెండు రాకెట్లు ఒకదాన్నొకటి కాల్చుకోవడమే ఆట. రసెల్ రాసిన దాన్ని మిగతావాళ్లు ఉన్నదున్నట్టు ఉంచలేదు. పీటర్ శామ్సన్ అసలైన నక్షత్రాల పటాన్ని వెనకాల పరిచాడు. డాన్ ఎడ్వర్డ్స్ మధ్యలో సూర్యుణ్ని పెట్టి గురుత్వాకర్షణ కలిపాడు. 1962 మేలో ఎంఐటీ తలుపులు తెరిచి ఊరి జనాన్ని లోపలికి పిలిచిన రోజున ఆ ఆటను ప్రదర్శనకు పెట్టారు. మార్కుల్లేవు, ఎగ్జామినర్ లేడు. చూసినవాళ్లు ఆడారు, ఆడినవాళ్లలో తెలిసినవాళ్లు మార్చారు.

తరవాతి కథ చాలామందికి తెలిసిందే. 1975 మార్చిలో కాలిఫోర్నియాలో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గరాజులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది. స్టీవ్ వాజ్నియాక్ తన ఆపిల్-1 నమూనా పటాలను అక్కడే అడిగినవారికల్లా పంచాడు. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయం కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అది పెద్దదేమీ కాదని, మీకేం కావాలో చెప్పమని ఇంటర్నెట్‌లో ఒక చిన్న కబురు పెట్టాడు. పని పూర్తయ్యాక చేసిన ప్రకటన కాదది, సగంలో ఉండగా అడిగిన సలహా. లినక్స్ అలా బయటికొచ్చింది.

దాదాపు అదే కాలంలో మనవాళ్లు చేసిన పని ఒకటుంది. నన్నడిగితే ప్రోగ్రామింగ్ నేర్చుకునే తెలుగు పిల్లలకు లినక్స్ కన్నా ముందు చెప్పాల్సిన కథ అది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ పై చదువులు చదువుతున్నారు. ఈమెయిల్‌లో తెలుగు అక్షరం వెళ్లే దారే లేదప్పుడు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకునేవారు. ఒకరు రాసింది ఇంకొకరికి సరిగా అందేది కాదు. వీళ్లిద్దరూ దానికి ఒక పద్ధతి కట్టారు. చిన్న టీ కొడితే 'త', పెద్ద టీ కొడితే 'ట'. చిన్న ఎన్‌కు 'న', పెద్ద ఎన్‌కు 'ణ'. అలా రాసిన దాన్ని తీసుకుని టెక్ అనే అచ్చు సాఫ్ట్‌వేర్ సాయంతో తెలుగు లిపిలోకి మార్చే 'రిట్' అనే ప్రోగ్రామును కూడా తయారుచేశారు. ఆ రాత పద్ధతికి ఆర్‌టీఎస్ అని పేరు నిలిచింది. ఇది వాళ్ల డిగ్రీకి అవసరమైన పని కాదు. వాడేవాళ్లు ఎదురుగా ఉన్నారు, తప్పులుంటే వాళ్లే చెప్పారు.

ఆ దారి అక్కడితో ఆగలేదు. 2000ల మధ్యలో వెన్న నాగార్జున 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు రాశారు. తెలుగు పత్రికలు తలా ఒక సొంత ఫాంటు వాడుతున్న రోజుల్లో ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది అది. దాని ఆధారంగా వీవెన్ 'లేఖిని' తయారుచేశారు. బ్రౌజర్ పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలు కొడితే వెంటనే తెలుగు కనిపిస్తుంది. తెలుగు వికీపీడియాలో తొలినాళ్లలో రాసినవాళ్లలో ఎందరో లేఖినితోనే తెలుగు టైపింగ్‌కు అలవాటు పడ్డారు. ఇంకొకరి కోడు మీద తన కోడు నిలబెట్టడానికి ముందు ఆ కోడు కంటపడాలి కదా!

మరి ఇక్కడ, మన కాలేజీల్లో? బీటెక్ పూర్తయ్యేలోగా మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు చేయాలన్న నియమం ఉంది. ఉద్దేశం మంచిదే. ఇంజినీరింగ్ కాలేజీలు వాన చినుకుల్లా పడ్డ రోజుల్లో ఆ నియమం హైదరాబాదులోని అమీర్‌పేటకు గిరాకీ తెచ్చింది. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద జావా, డాట్‌నెట్ కోర్సుల పక్కనే ప్రాజెక్టుల పోస్టర్లు కూడా కనిపించేవి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఆన్‌లైన్ ఎగ్జామ్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ — పేరు ఎంచుకుంటే చాలు, కోడు, డాక్యుమెంటేషన్, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ కలిపి ఒకే ధర. నలుగురు స్నేహితులు డబ్బులు పోగేసుకుని కొనుక్కునేవారు. నల్లటి గట్టి అట్ట, దాని మీద బంగారు అక్షరాలు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నాలుగు పేజీలు తిరగేసి సంతకం పెట్టాక ఆ పుస్తకం బీరువాలోకి వెళ్లేది. పిల్లల్ని తిట్టి లాభం లేదు. చూసేవాడు ఒక్కడే, అదీ పది నిమిషాలే అయినప్పుడు కష్టపడి చేయడానికి కారణమేముంది?

ఆ బీరువా తలుపు బయటినుంచి తెరుచుకుంది. లినక్స్ కోడులో వేలమంది చేసే మార్పులను సంబాళించడానికి 2005 ఏప్రిల్‌లో టోర్వాల్డ్సే గిట్ అనే ప్రోగ్రాము రాశాడు. దాని మీద 2008లో, కోడును నలుగురికీ కనిపించేలా పెట్టుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైటు వచ్చింది. కోడులోని ప్రతి వరుసనూ ఎవరు, ఎప్పుడు రాశారో గిట్ దాచి ఉంచుతుంది. తిమ్మాజిపేట మండలంలోనే అవంచ పొలాల్లో నిలబడ్డ ఏకశిలా గణపతి దగ్గర చాళుక్యుల కాలం గురించి మాట్లాడతారు గానీ, ఉలి పట్టినవాడి పేరు చెప్పేవారు లేరు. గిట్‌లో ఆ బాధ లేదు. కొన్న ప్రాజెక్టు అయితే మొత్తం కోడు ఒక్క రాత్రిలో ఒకే మూటగా వచ్చి పడినట్టు కనిపిస్తుంది. సొంతంగా చేసినదైతే తప్పులు, దిద్దుబాట్లు, మళ్లీ తప్పులు వరుసగా కనిపిస్తాయి. ఏఐ చేత కోడు రాయించుకోవడం తేలికైన ఈ రోజుల్లో ఇంటర్వ్యూ చేసేవాడు ఆ వరుసను ఇంకా శ్రద్ధగా చూస్తాడు. దేన్ని ఎందుకు మార్చావని అడుగుతాడు.

ఇలా గిట్‌హబ్‌లో పని చూపించుకోవడానికీ ఒక పిచ్చి పట్టుకుంది. పనిచేసిన రోజుకో పచ్చ గడి చొప్పున గిట్‌హబ్ చూపించే పట్టీని నింపడానికి ఉత్తుత్తి మార్పులు చేసేవాళ్లున్నారు. వరుసగా ఎన్ని రోజులు పనిచేశావో చెప్పే లెక్కను గిట్‌హబ్ 2016లో తీసేసింది. మంచి పని చేసింది. పచ్చ గడుల కన్నా రీడ్‌మీ ఫైలు మేలు. 1970ల నాటి డెక్ కంప్యూటర్ల కాలం నుంచీ ఉన్న అలవాటది: ఇదేంటి, ఎలా నడపాలి, ఏది ఇంకా పనిచేయదు. ఈ మూడూ తెలుగులో రాసినా తప్పులేదు.

ఇక ప్రాజెక్టుకు విషయం దొరకదన్న మాట పాలమూరు పిల్లల నోట రాకూడదు. జడ్చర్లలో బాదేపల్లి మార్కెట్ యార్డు ఉంది. కేంద్ర ప్రభుత్వపు ఆగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైటులో మార్కెట్ల ధరలు పెడతారు గానీ, ఆ పట్టిక చిన్న ఫోను తెర మీద చదవడం రైతుకు నరకం. పల్లికాయ ధర నిన్నెంత, ఇవాళెంత అని పెద్ద అక్షరాల్లో చూపించే ఒక్క పేజీ చాలు. దాన్ని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టొచ్చు. తొలి రోజు ధర తప్పుగా వస్తే, రీడ్‌మీ చదవని రైతన్న కూడా ఫోన్ చేసి మరీ చెబుతాడు.