బాక్సుల ముందు నిలబడి విన్నది

మా నాన్నది తెనాలిలో మైక్‌సెట్టు. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ, పద్యనాటకాలకీ ఆయన బాక్సులే వెళ్ళేవి. మంచి పద్యం పడగానే జనం వన్స్‌మోర్ అని అరిచేవారు, నటుడు మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవాడు, నాన్న ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని వాల్యూమ్ పిసరంత పెంచేవాడు. వైరు చుట్టల మీద నిద్రపోతూ పెరిగినవాణ్ణి నేను. శబ్దమంటే ముందు బాక్సు, ఆ తర్వాతే పాట అని నాకు చిన్నప్పుడే తెలుసు. 2006లో చదువుకని లండన్ వెళ్ళి, దక్షిణ శివారు క్రాయిడన్‌లో గది తీసుకున్నాక డబ్‌స్టెప్ అనే సంగీతం నాకు దగ్గరైంది ఆ తెలివిడితోనే.

క్రాయిడన్‌లో సర్రే స్ట్రీట్ అని ఒక సంత వీధి ఉంది. 1276 నాటి అనుమతితో నడుస్తున్న సంత. గిన్నెడు టమాటాలు పౌండుకి అని కేకలు వేస్తుండేవారు. ఆ వీధిలోనే బిగ్ ఆపిల్ అనే రికార్డుల కొట్టు ఉండేది. నేను వెళ్ళేసరికి మూతపడి రెండేళ్ళయింది. అయినా కూరలకని వెళ్ళినప్పుడల్లా ఆ గుమ్మం వైపు చూసేవాణ్ణి. కౌంటర్ వెనక హాచా అనే డీజే, మేడ మీద ఆర్ట్‌వర్క్ అనే సంగీతకారుడి స్టూడియో. స్క్రీమ్, బెంగా అనే కుర్రాళ్ళు బడి వయసులోనే అక్కడ చేరి, ఇంట్లో కంప్యూటర్ మీద కట్టిన చీకటి బాణీలు తెచ్చి వినిపించేవారు. హాచా నచ్చినవి ఏరుకుని క్లబ్బుల్లో వేసేవాడు.

వాళ్ళు అలా చీకటి బాణీలు కట్టడానికి ఒక కారణముంది. అంతకు ముందు లండన్ కుర్రకారుది గరాజ్ సంగీతం. 1999, 2000 నాటికి అది రేడియోలోకీ టాప్ పదిలోకీ వెళ్ళిపోయింది, తళుకుబెళుకులు ఎక్కువయ్యాయి. తర్వాత గొడవలు జరిగాయని క్లబ్బులు దానికి తలుపులు మూశాయి. మిగిలినవాళ్ళు అందులోంచి గాత్రం తీసేశారు, తళుకు తీసేశారు, అడుగున ఉన్న బేస్‌ని పెంచారు. జమైకా సంగీతమైన డబ్‌నీ, గరాజ్‌లో ఒక రకమైన టూస్టెప్‌నీ కలిపి 2002 ప్రాంతంలో డబ్‌స్టెప్ అన్నారు. అంటే ఈ సంగీతం పుట్టినప్పుడే దాని అన్నగారు సంతలో నలిగిపోవడం కళ్ళారా చూసింది. తర్వాత దాని అభిమానులు అంత పట్టుదలగా వాదించుకున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

లెక్క ప్రకారం దాని వేగం నిమిషానికి 140 దెబ్బలు. కానీ పెద్ద దెబ్బ మూడో మాత్ర మీదే పడుతుంది గనక ఒంటికి 70గానే అనిపిస్తుంది. పైన తాళం పరుగెడుతుంటే కింద ఏనుగు నడక. బేస్ సెకనుకి 50 కంపనాల దగ్గర, ఒక్కోసారి ఇంకా కింద ఉంటుంది. 50 కంపనాల స్వరానికి ఒక్క అల పొడవు దాదాపు 7 మీటర్లు. నేనుండే గది దానిలో సగం కూడా లేదు.

ఆ బరువు మోసే బాక్సులు దక్షిణ లండన్‌కి కొత్త కాదు. జమైకా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు సౌండ్ సిస్టమ్‌లు తెచ్చారు. జా షాకా లాంటివారు 1970ల నుంచీ సొంత బాక్సులతో రాత్రంతా నడిపేవారు. తమ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకని పాటని ఒకే ఒక్క ప్లేటు మీద చెక్కించుకోవడం కూడా వాళ్ళ అలవాటే. దాన్ని డబ్‌ప్లేట్ అంటారు. అల్యూమినియం బిళ్ళ మీద లాకర్ పూత, ఆ పూతలో గాడి. ముల్లు తగిలిన ప్రతిసారీ గాడి కాస్త అరుగుతుంది. కొన్ని పదుల సార్లు వేస్తే పాట పోయినట్టే. డబ్‌స్టెప్ వాళ్ళు ఫారెస్ట్ హిల్‌లోని ట్రాన్సిషన్ స్టూడియోలో చెక్కించుకునేవారు. పాట కొట్టుకి రావడానికి ఒక్కోసారి ఏడాది పట్టేది, కొన్ని రానేలేదు. వినాలంటే వెళ్ళాలి, బాక్సుల ముందు నిలబడాలి.

2005 మార్చిలో మాలా, కోకీ, లోఫా, సార్జెంట్ పోక్స్ అనే నలుగురు కలిసి బ్రిక్స్‌టన్‌లో డీఎంజెడ్ అనే క్లబ్ రాత్రులు మొదలుపెట్టారు. సెయింట్ మాథ్యూస్ చర్చి భవనం కింద ఒక చిన్న గదిలో, రెండు నెలలకోసారి. 2006 జనవరిలో బీబీసీ రేడియో 1లో మేరీ ఆన్ హాబ్స్ ఒక రాత్రి కార్యక్రమం మొత్తం డబ్‌స్టెప్ వాళ్ళకిచ్చింది. మార్చిలో డీఎంజెడ్ ఏడాది పండగకి వచ్చిన జనం పట్టక అప్పటికప్పుడు పై హాల్లోకి మారాల్సి వచ్చింది.

నేను మొదటిసారి వెళ్ళింది 2007లో, షాపు డ్యూటీ దిగి, యూనిఫాం సంచిలో కుక్కుకుని. దీపాలు దాదాపు లేవు. పాట మొదలై నిమిషమైనా గలగలలూ దూరంగా ఏదో హోరూ తప్ప ఏమీ లేదు. తర్వాత బేస్ దిగింది. ముందు ప్యాంటు అంచులు కదిలాయి. తర్వాత ముక్కుపుటాలు. చేతిలో ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు వలయాలు తిరిగాయి. ఊపిరి తీసుకోవడం కూడా దాని లెక్కలోకి వెళ్ళింది. జనం ఒక్కసారి చేతులెత్తి అరిచేసరికి డీజే ప్లేటు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచీ వేశాడు. వాళ్ళు దాన్ని రీవైండ్ అంటారు. నాకైతే తెనాలిలో పద్యానికి పడ్డ వన్స్‌మోరే.

ఆ హాలు బయట క్యూలోనే వాదనలు మొదలయ్యాయి. ఇలా పెద్ద హాలుకి రావడమే తప్పని కొందరు, షోర్డిచ్‌లోని ప్లాస్టిక్ పీపుల్ అనే చిన్న చీకటి గదిలో జరిగేదే అసలుదని కొందరు. 2007లో బరియల్ అనే పేరుతో వచ్చిన అన్‌ట్రూ ఆల్బం మరుసటి ఏడు మెర్క్యురీ బహుమతి తుది జాబితాకెక్కింది. అతనెవరో బయటపెట్టాలని పత్రికలు వెంటపడ్డాయి, చివరికి అతనే తన పేరు చెప్పుకోవాల్సి వచ్చింది. పాటలు చాలవా, మనిషి కూడా కావాలా అని ఆ రోజుల్లో నేనూ కోపంగా మాట్లాడాను. ఇప్పటికీ నాదదే మాట.

2010లో స్క్రీమ్, బెంగా, ఆర్ట్‌వర్క్ కలిసి మాగ్నెటిక్ మ్యాన్ పేరుతో చేసిన పాట బ్రిటన్ టాప్ పదిలోకి వెళ్ళింది. దాంతో వాళ్ళు అమ్ముడుపోయారన్నారు కొందరు. సర్రే స్ట్రీట్‌లో ఆ సంగీతాన్ని మొదలుపెట్టినవాళ్ళనే! ఆ మాట అన్యాయం. అదే ఏడాది లాస్ ఏంజలెస్ నుంచి స్క్రిలెక్స్ వచ్చాడు. రాక్ బ్యాండ్‌లో పాడి వచ్చినవాడు. అతని బేస్ కింద ఉండదు, గిటార్ స్థాయిలో గీపెడుతుంది. 2012లో మూడు గ్రామీలు అందుకున్నాడు. లండన్ వాళ్ళు దాన్ని బ్రోస్టెప్ అనే వేరే పేరుతో పిలిచి, ఇది మాది కాదన్నారు.

ఎవరు అసలు, ఎవరు నకిలీ అనే వాదన రాత్రి బస్సుల్లో తెల్లారేదాకా సాగేది. మైక్‌సెట్టు వాడి కొడుకుగా నాకు కనపడింది వేరు. ల్యాప్‌టాప్ స్పీకర్‌కి 50 కంపనాల స్వరం పలకదు, ఫోనుకి అసలే పలకదు. కోట్లమంది వాటిమీదే వినడం మొదలుపెట్టాక అందులో వినపడే భాగమే సంగీతమైంది. అందుకే పైకి ఎగబాకిన బేస్ గెలిచింది. పాటని మార్చింది అమెరికా వాడి దురాశ కాదు, స్పీకర్ సైజు. ఈ మాట బస్సులో చెబితే ఇటువాళ్ళూ ఒప్పుకోలేదు, అటువాళ్ళూ ఒప్పుకోలేదు.

లోఫా అప్పటికే పక్కకి జరిగి 2009లో స్వాంప్81 అనే లేబుల్ పెట్టుకున్నాడు. స్క్రీమ్ డిస్కో వైపు వెళ్ళాడు. మాలా మాత్రం ఆ బరువుని వదల్లేదు. ప్లాస్టిక్ పీపుల్ 2015 జనవరిలో మూతపడింది.

2012 చివర్లో మా మేనమామ కొడుకు పెళ్ళికి గుంటూరు వచ్చాను. రాత్రి డీజే సినిమా పాటల మధ్య ఆ గీపెట్టే బేస్ వేశాడు. మా బామ్మర్ది చెమటలు కక్కుతూ వచ్చి, "బావా, నువ్వు ఎప్పుడూ చెప్పేది ఇదేగా?" అన్నాడు. కాదనబోయి ఆగాను. వాడు ఎంత సంతోషంగా ఉన్నాడో!

మర్నాడు తెనాలిలో, సూట్‌కేసులో చొక్కాల మధ్య పెట్టి తెచ్చిన డీఎంజెడ్ రికార్డు తీశాను. ముందు అదే పాట ఫోన్లో పెట్టాను. నాన్న చెవి దగ్గర పెట్టుకుని, "టిక్కుటిక్కుమంటోంది, పాటేదిరా?" అన్నాడు. పాత రికార్డు ప్లేయరు తుడిచి, షెడ్డులో మిగిలిన రెండు పద్దెనిమిదంగుళాల బాక్సులకి కలిపాడు. బేస్ దిగగానే ఆయన ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్ళి బాక్సు చెక్క మీద అరచెయ్యి ఆనించి, ట్రెబుల్ పూర్తిగా తగ్గించి, అలాగే నిలబడ్డాడు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది: "గూట్లో గిన్నెలు మోగుతున్నాయి, ఏం పెట్టార్రా?"