ఎముకను కోయు పళ్ళు

సుశ్రుతుడు తన సంహితయందు శస్త్రములకు ఎనిమిది దోషములను లెక్కించినాడు. వంకరపోవుట, మొద్దువారుట, విరిగియుండుట, అంచు గరుకై యుండుట, మిక్కిలి లావగుట, మిక్కిలి అల్పమగుట, మిక్కిలి పొడవగుట, మిక్కిలి పొట్టియగుట అనునవి యా యెనిమిది. వీనికి విపరీతములైన గుణములు గల శస్త్రమునే వైద్యుడు గ్రహింపవలెనని చెప్పి, ఆ వెంటనే ఒక్క మినహాయింపు చూపినాడు. ఆ మినహాయింపు కరపత్రమునకు. దాని యంచు గరుకుగానే యుండవలెను. ఏలయన నది యెముకను ఛేదించుటకై యేర్పడినది. ఇరువది శస్త్రములలో పందొమ్మిదింటికి దోషమైనది ఇరువదవదానికి గుణమైనది. ఆచార్యుడు ఇంతకుమించి విస్తరింపలేదు. కాని యీ చిన్న మాటలో రంపపు పళ్ళ శాస్త్రమంతయు ముడిచిపెట్టబడి యున్నది.

కరపత్రమనగానే నేటి పాఠకునకు వీధులలో పంచిపెట్టు అచ్చుకాగితము స్ఫురించును. సంఘసంస్కారమునకు పూనుకొన్న వారందరి చేతులలోను మెలగినది ఆ కరపత్రమే. సంస్కృతమున మాత్రమిది రంపము. అమరసింహుడు దీనిని క్రకచమునకు పర్యాయముగా చెప్పి శూద్రవర్గమున, చేతిపనివారి పరికరముల నడుమ చేర్చినాడు. వైద్యుని పేరులేమో మనుష్యవర్గమున నున్నవి. నిఘంటువులో ఈ రెండు వర్గములకు నడుమ నున్న ఎడము దేశమున నెంత పెరిగినదో ముందు చూతము.

ముందుగా పళ్ళ యవసరమెట్టిదో తెలిసికొనవలెను. కత్తిపీటపై సొరకాయను తరిగినప్పుడు కాయ రెండగునే గాని దానిలో నేమియు పొడియై పోదు. అంచు సందు చేసికొని దూరును. ఇరుప్రక్కలు తొలగి చోటిచ్చును. మాంసమును ఇట్లే చోటిచ్చును. అందువలననే ఛేదనమునకు వాడు శస్త్రపుటంచు వెండ్రుకలో సగముండవలెననియు, శిష్యుడు గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై చేతిని సాధన చేయవలెననియు సుశ్రుతుడు విధించినాడు. ఎముక చోటీయదు. దానిలోనికి రేకు దిగవలెనన్న, రేకు పట్టునంత మేర పదార్థమును పొడిచేసి వెలుపలికి తీయవలసినదే. రంపపు పన్ను ఒక్కొక్కటియు ఒక్కొక్క చిన్న ఉలి. పన్ను ముందటి మొగము నిటారుగా నున్నకొలది గట్టిగా కరచును. వెనుకకు వాలినకొలది మెల్లగా గీరును. రెండు పళ్ళ నడుమ నుండు పల్లము ఊరక యేర్పడిన సందు కాదు. కోసిన పొడి కోతను దాటి వెలుపలపడువరకు నిలుచుటకు అది గిన్నె. కఱ్ఱపొట్టు పొడిగా రాలిపోవును. ఎముకపొడియో, నెత్తురుతోను మూలుగలోని కొవ్వుతోను తడిసి ముద్దయగును. పల్లములు పూడిన రంపము పళ్ళు లేని రేకుతో సమానము. ఇక పళ్ళను ఒకదానిని కుడికి, తరువాతిదానిని ఎడమకు ఇంచుక వంచుట వలన కోత రేకు మందముకంటె కొంచెము వెడల్పగును. రేకు ఇరుకున చిక్కక కదలును. ఆ వంపు ఎక్కువైనచో అనవసరముగా ఎముక పోవును. తక్కువైనచో రేకు బిగిసి, త్రోసిన బలమంతయు వేడిగా మారును.

వాగ్భటుని అష్టాంగహృదయము కరపత్రపు కొలతల నిచ్చుచున్నది. కరపత్రము పది యంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు ఉండవలెను. పళ్ళు సూక్ష్మములై యుండవలెను. పిడి చక్కగా బిగింపబడి యుండవలెను. ఇందలి యంగుళము వ్రేలి వెడల్పు. కావున నేటి లెక్కకు రేకు జానెడుకంటె మించదు. సూక్ష్మదంతములేల? పెద్ద పళ్ళు త్వరగా కోయును గదా యని తోచవచ్చును. కాళ్ళ చేతుల పొడుగాటి యెముకలు వెదురుబొంగువలె నడుమ డొల్లగా నుండును. గట్టి గోడ కొన్ని మిల్లీమీటర్ల మందమే. పన్నుకు పన్నుకు నడుమ దూరము ఆ గోడ మందముకంటె ఎక్కువైనచో గోడ పల్లములో దిగబడి తట్టుకొనును. అప్పుడు పన్నైనను విరుగును, ఎముకైనను చీలును. ఎల్లప్పుడు రెండు మూడు పళ్ళైనను గోడపై నుండవలెను. సన్ననిరేకుల డబ్బాను కోయువాడెరిగిన ఈ నియమమును వాగ్భటుడు ఒక్క విశేషణములో చెప్పినాడు. మన వైద్యుల యిండ్లలో వాగ్భటము కంఠస్థముగా నుండెడిది. ఆ విశేషణమును వల్లించిన కంఠములెన్నో! రంపమును పట్టిన చేతులు మాత్రము వేఱు.

ఆ చేతుల సంగతి. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక వృద్ధ వడ్రంగి చేతి రంపమును చూచితిని. దాని పళ్ళు పిడి వైపునకు వాలి యున్నవి. లాగునప్పుడు కోయును, త్రోయునప్పుడు ఊరక జారును. సీమనుండి వచ్చిన రంపములు ఇందుకు విరుద్ధముగా త్రోయునప్పుడు కోయును. కారణమడిగితిని. "నూకితే రేకు వంగుతది సారూ, గుంజితే తీగ లెక్క నిలబడతది" అని యతడు ఆకురాయితో పన్ను పదును పెట్టుచునే చెప్పెను. యంత్రశాస్త్ర గ్రంథములలో పుటలకొలది వ్రాసినది ఇదియే. లాగినప్పుడు బిగియును గనుక పలుచని రేకు చాలును. త్రోయవలెనన్న లావైన రేకో, వీపున ఇనుపపట్టెయో కావలెను. ఐరోపా వైద్యుల పాతరంపములలో కొన్ని విల్లువంటి చట్రమున బిగింపబడి, 18వ శతాబ్దమునుండి మఱికొన్ని వీపుపట్టె గలవియై యుండుట ఈ కారణముననే.

సుశ్రుతుడు ఈ చేతులను మఱువలేదు. శుద్ధమైన యినుముతో, పనియందు నేర్పరియైన కమ్మరిచేత శస్త్రములను చేయింపవలెనన్నాడు. పదును నిలుచుటకై మూడు విధములైన పానములను చెప్పినాడు. ఎర్రగా కాల్చిన యినుమును క్షారజలమున ముంచుట, వట్టి నీట ముంచుట, నూనెలో ముంచుట. మాంసమును కోయుదానికి నీరు. సిరలను గుచ్చుదానికి, స్నాయువులను కోయుదానికి నూనె. ఎముకను కోయుదానికి క్షారము. క్షారజలము ఇనుమును వట్టినీటికంటె త్వరగా చల్లార్చును. త్వరగా చల్లారినది మిక్కిలి గట్టిపడును. నూనె నెమ్మదిగా చల్లార్చును. అంచు గట్టిపడినను పెళుసుగాదు. పన్ను మొనకు గట్టిదనము, రేకు నడుమకు సాగెడు గుణము రెండును కావలెను. ఈ రెంటిని ఒక్క రేకులో సమకూర్చుట కమ్మరి విద్య. తెలంగాణమున ఈ విద్యకు కొదువ లేదు. పాలమూరు, నల్లగొండ మెట్టల బృహచ్ఛిలా సమాధులలో ఇనుప పనిముట్లు దొరకినవి. ఉత్తరమున నిజామాబాదు జిల్లా కోనసముద్రపు ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చుచుండిరని హెన్రీ వాయిజీ 19వ శతాబ్దపు తొలి దశకములలో చూచి వ్రాసినాడు. ఆ ఉక్కు ఖడ్గములైనది. శస్త్రమును చేయింపగోరు వైద్యుడు మాత్రము కమ్మరి కొలిమి వద్దకు పోవుట మానుకొన్నాడు.

మానుకొనుటకు కారణము ఇనుము కాదు. వైద్యుని యన్నము చీమువంటిదని మనుస్మృతి నిందించుచున్నది. శవమును తాకినవాడు మైలపడును. ప్రవహించు నీటిలో ఏడు రాత్రులు నానవేసిన శవమును పొరపొరగా విప్పి చూడవలెనని విధించిన సుశ్రుతుని శిష్యపరంపరలో శ్లోకము మిగిలినది, శవము పోయినది, కొలిమి పోయినది. గౌరవము కోరిన వైద్యుడు నాడి పట్టెను, లేహ్యము కలిపెను. విరిగిన యెముకలను కట్టువైద్యులు సరిచేసిరి. వారి నేర్పు చిన్నది కాదు గాని వారి చేత శస్త్రము లేదు. 1836లో కలకత్తా వైద్య కళాశాలయందు శవచ్ఛేదనమునకు చేయి చాచిన మధుసూదన గుప్తుడు, దాదాపు ఆ కాలముననే సుశ్రుతసంహితను అచ్చువేయించిన సంస్కృత పండితుడే. ఆ గ్రంథమును నిజముగా చదివినవాడు అటుపై కత్తిని పట్టక యుండజాలడని నా నమ్మకము.

ఇంతలో ఐరోపా రంపమును మరల చదువుకొనుచుండెను. అక్కడను ఆరంభమున ఇదే స్థితి. రోమక గ్రంథకర్త సెల్సస్ అంగచ్ఛేదన విధిని చెప్పుచు, రంపము గరుకు చేసిన యెముక కొనను నున్నచేయవలెనన్నాడు. మత్తుమందు లేని కాలమున రోగిని నలుగురు పట్టుకొనగా వైద్యుడు నిమిషములు లెక్కించి కోసెడివాడు. రోగి పెనగులాడినచో కోత వంకరపోయి రేకు బిగియును. త్వరయే దయ యైన ఆ దినములలో ముతక పళ్ళను తప్పుపట్టుట న్యాయము కాదు. 1846, 1847 సంవత్సరములలో ఈథరు, క్లోరోఫారము వచ్చినవి. క్లోరోఫారము ప్రాణమునకు ముప్పా యను వివాదమును తేల్చుటకు 1888, 1889లలో పరిశోధక సంఘములు కూర్చున్నది మన హైదరాబాదుననే. వైద్యుడు ఎడ్వర్డు లారీ నడపగా, ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనమిచ్చెను. పాలమూరునకు మహబూబునగరమను పేరు వచ్చినది ఆ ప్రభువు వలననే. సంఘము తేల్చిన సిద్ధాంతము తరువాత నిలువలేదు. ముందుగా ఊపిరియే ఆగునని లారీ పట్టుపట్టెను గాని, గుండెయు హఠాత్తుగా ఆగగలదని 1911 నాటికి రుజువైనది. కాని మత్తులో నిశ్చలముగా నున్న రోగివలన వైద్యునకు వ్యవధి దొరకినది. వ్యవధితో వాగ్భటుని సూక్ష్మదంతములకు మరల కాలము వచ్చినది. 1867లో లిస్టరు క్రిమినాశక పద్ధతిని ప్రకటించిన పిమ్మట కఱ్ఱ పిడులు, దంతపు పిడులు తొలగినవి. అవి మరుగునీటికి తాళజాలవు. పళ్ళ పల్లములలో నిలిచిన యెండిన నెత్తురు అంతవరకు ఎవరికిని పట్టలేదు.

అటుపై వచ్చిన రెండు కల్పనలను చెప్పక తీరదు. 1894 ప్రాంతమున ఇటలీ ప్రసూతివైద్యుడు గిగ్లీ పళ్ళను, రేకును రెంటిని విడిచి, పేనిన ఉక్కుతీగను ఎముక క్రిందుగా దూర్చి రెండు కొనలు పట్టి లాగెను. పేటల మెలికలే పళ్ళు! దేవరకొండ వడ్రంగి చెప్పిన తీగ ఇదియే. రెండవది 1940లలో అమెరికా వైద్యుడు హోమరు స్ట్రైకరు చేసిన పిండికట్టు రంపము. దీని చక్రము గిరగిర తిరుగదు. ఇటు కొంచెము అటు కొంచెము అతివేగముగా వణకును. గట్టి పిండికట్టు కదలలేక తెగును. మెత్తని చర్మము పన్నుతోపాటే కదలి తప్పించుకొనును. కట్టు విప్పునప్పుడు భయపడు బిడ్డకు ధైర్యము చెప్పుటకై వైద్యుడు ఆ చక్రమును తన యరచేత తాకించి చూపుట మీలో పలువురు చూచియుందురు. అయినను గట్టిగా నొక్కి పట్టినచో కాలును, గీరును. అది ఆటవస్తువు కాదు. సుశ్రుతుని మినహాయింపునకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము నాకు కానరాలేదు. గరుకైన యంచు గట్టిదానికే శత్రువు.

యంత్రబలము వచ్చిన తరువాత పన్నుకు క్రొత్త శత్రువు వేడి. తలయెముకను తొలుచునప్పుడు పరికరమును మాటిమాటికి తీసి చన్నీట ముంచవలెననియు, లేనిచో వేడికి ఎముక మాడి ఎక్కువ ముక్క యూడిపడుననియు హిపోక్రటీసు పేరిట నున్న గ్రంథమున కలదు. దీనికి అంకె కట్టినది 1983లో స్వీడను శాస్త్రజ్ఞులు ఎరిక్‌సన్, ఆల్బ్రెక్ట్‌సన్. 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషము తగిలినచో ఎముక దెబ్బతినునని వారు కుందేళ్ళపై పరీక్షించి తేల్చిరి. జ్వరము 40 డిగ్రీలు దాటుట మన మెరుగుదుము. 47 అంత దూరమేమియు కాదు. మొద్దువారిన పన్ను కోయక రాచును, రాచినచో వేడి. కావున నేడు కోయుచున్నంతసేపు ఉప్పునీటి ధార పోయుదురు. రేకును పలుచన చేయుదురు. పళ్ళ వరుసను, పల్లముల లోతును పొడి వెంటనే వెలువడునట్లు దిద్దుదురు. మోకాలు మార్పిడి వంటి వానిలో రేకును ఒక్క రోగికి వాడి పారవేయుట పెక్కుచోట్ల వాడుక.

ఇక నల్లగొండ యెముకల మాట. ఈ మెట్టల నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు బావినీటిలో కరగి తరతరముల యెముకలలో చేరినది. 1937లో నెల్లూరు ప్రాంతమున గుర్తింపబడిన ఈ వ్యాధిని నల్లగొండ జిల్లాలో పరిశీలించి డాక్టరు సిద్దిఖీ 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించినాడు. వెన్నెముక దట్టమై బిగిసిపోవును. నడుము వంగదు, మెడ తిరుగదు. దట్టమైన యెముక బలమైనదని భ్రమపడరాదు, అది పెళుసు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి మఱియొక చిత్రమును చూపిరి. ఫ్లోరైడు ప్రాంతపు పిల్లలలో మోకాళ్ళు లోనికి వంగి ఒకదానినొకటి ఒరసికొనుచుండగా, వెన్నెముక గట్టిపడిన ఆ దేహమునందే కాలియెముకలు పలుచబడి యుండెను. ఒక్క శరీరమున రెండు విధముల యెముకలు: ఒకచోట మొద్దు పన్ను వేడెక్కును, మఱొకచోట ముతక పన్ను పలుచని గోడను పట్టుకొని చీల్చును.

పటికతోను సున్నముతోను నీటినుండి ఫ్లోరైడును తీయు పద్ధతిని నాగపూరు పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970లలో రూపొందించి నల్లగొండ పేరే పెట్టిరి. ఆ తరువాత కృష్ణానీరు గొట్టములలో వచ్చినది. మంచినీరు మున్ముందు వంగబోవు కాళ్ళను కాపాడును గాని, వంగిన కాలు దానివలన తిరిగి సాగదు. దానికి శస్త్రమే. ఇట్టి కాళ్ళకు గ్లాస్గో వైద్యుడు మాకెవెన్ 1880 నాటికే సన్నని ఉలిని వాడెను. నేడు ఉలియు రంపమును రెండును వాడుకలో నున్నవి. మోకాలికి ఎగువ ఎముకనుండి మేకు ఆకారపు ముక్కను తీసి, మిగిలిన కొనలను చేర్చి బిగింతురు. తీయవలసిన ముక్క కొలతను వైద్యుడు ముందుగా చిత్రముపై గీచుకొనును. ఆ కొలతలో రంపపు కోత వెడల్పును కలుపుకొనవలెను. సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పుగల యెముకలో ఒక్క మిల్లీమీటరు తేడా కాలి వంపున దాదాపు ఒక్క డిగ్రీ తేడా యగును. రేకు మందము, కుడియెడమలకు పళ్ళ వంపు కలిసినచో ఆ మిల్లీమీటరు అక్కడనే యున్నది. బిడ్డ యెముక ఇంకను సన్నము గనుక అంత పన్నే అక్కడ ఇంకను ఎక్కువ డిగ్రీలు తినును.